చివరి ఊరి అప్పగింత

ఆ ఉదయం కుళాయిలో నీళ్లకి ముందు చాలాసేపు గాలి వచ్చింది. రోజూ కాస్త దగ్గి నీళ్లు వదిలే కుళాయి ఆ రోజు ఎంతకీ దగ్గు ఆపలేదు. బిందె కింద పెట్టి వీధి వైపు చూస్తూ నిలబడ్డాను. అప్పుడే సందు మలుపులో మాస్టారి రిక్షా కనిపించింది. దాని టాపు ఎత్తి ఉంది. మాస్టారు ఎక్కితే ఎండైనా వానైనా టాపు దించేయిస్తారు, వీధి కనపడాలని. జ్వరం తగ్గిందనీ, ఆ రోజు ఆఫీసుకి వస్తారనీ ముందు రోజే నాకు కబురు వచ్చింది.

“అమ్మాయిగారూ, ఇయ్యాళ ఆఫీసు లేదండీ,” అన్నాడు రిక్షా అతను.

“మళ్లీ జ్వరం వచ్చిందా?”

అతను హ్యాండిలు మీది గంటని తువ్వాలుతో తుడిచాడు. తుడిచాక, “తెల్లారగట్ల పోయారండీ. అమ్మగారు మిమ్మల్ని తీసుకురమ్మన్నారు,” అన్నాడు.

నా వెనక కుళాయి నీళ్లు వదిలింది. పక్కింటావిడ నా బిందెని కాలితో కాస్త జరిపి తన బిందె పెట్టుకుంది. నేను రిక్షా ఎక్కి, టాపు దించమన్నాను.

మీలో చాలామంది ఆయన్ని చూసి ఉండరు. కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. రిటైరయ్యాక భవానీపురంలో ఒక కలప అడితి మేడ మీద రెండు గదులు అద్దెకి తీసుకుని, చిన్న పరిశోధన కేంద్రం పెట్టారు. పంచాయతీలూ సమితులూ మునిసిపాలిటీలూ తమ పని ఎందుకు చేయలేకపోతున్నాయో కనుక్కోవడం, కనుక్కున్నది రాయడం, రాసింది పైకి పంపడం ఆ కేంద్రం పని. పైకి అంటే ప్రభుత్వానికి. కేంద్రంలో ఉన్నది మాస్టారు, నేను, ఒక టైపు మిషను. కింద రంపం ఆడుతున్నప్పుడు ఎవరి మాటా వినపడేది కాదు. మాస్టారు మాట్లాడుతున్నవారల్లా ఆగిపోయేవారు. రంపం ఆగగానే వదిలిన వాక్యాన్ని వదిలిన చోటునుంచే అందుకునేవారు. విసుగు మాత్రం పడేవారు కాదు. కాగితాల మీద పడ్డ రంపపు పొట్టుని ఊదుకుంటూ పని చేసేవాళ్లం.

నన్ను అక్కడికి తీసుకెళ్లింది మా అమ్మ. ఎం.ఏ. అయ్యాక నేను ఇంట్లో కూర్చుని పుస్తకాలు చదువుకోవడం తప్ప మరో పని చేయడం లేదు. కొత్తవాళ్లు వస్తే వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. “దీనికి మాటలు రావండీ, ఇంగ్లీషు మాత్రం బాగా రాస్తుంది,” అని అమ్మ నా తరఫున చెప్పింది. మాస్టారు నా సర్టిఫికెట్లు చూడలేదు.

“మీ వీధి చివర దీపం ఎవరు వెలిగిస్తారమ్మా?” అని అడిగారు.

నాకు తెలియదు. తెలియదని కూడా చెప్పలేక తల వంచుకున్నాను.

“నాకూ తెలీదు,” అన్నారు ఆయన. “రేపు వెళ్లి కనుక్కుందాం.”

నా ఉద్యోగం అలా మొదలైంది. మర్నాడు మా వీధి స్తంభం దగ్గర మొదలుపెట్టి మునిసిపాలిటీకి వెళ్లాం. అక్కణ్ణుంచి కరెంటు ఆఫీసుకి పంపారు. వాళ్లు మళ్లీ మునిసిపాలిటీకే పంపారు. చివరికి ఒక గుమస్తా మమ్మల్ని కూర్చోబెట్టి, ఫ్యాను తన వైపు తిప్పుకుని విషయం చెప్పాడు.

“బల్బు మాదండీ. స్తంభం కరెంటోళ్లది. బల్బు మార్చాలంటే మావాడు ఎక్కాలి, మావాడు ఎక్కాలంటే వాళ్లు కరెంటు ఆపాలి. ఆపమని మేం కాయితం రాస్తాం. వాళ్లు ఆపిన రోజు మావాడు సెలవు. వెలక్కపోతే మాత్రం పబ్లిక్కు తిట్టేది మమ్మల్నే.”

మాస్టారు ఆయనకి నమస్కారం పెట్టి బయటికి వచ్చి, మెట్ల మీద కాసేపు నిలబడ్డారు. “పని ఎవరిదో తెలిస్తే సగం పని అయినట్టే. మన ఖర్మ, ఆ సగం దగ్గరే ఆగిపోతాం,” అన్నారు.

ఆయన పరిశోధన అంతా ఆ మెట్ల మీద మాటకి కొనసాగింపే. మునిసిపాలిటీలకి ఎన్నికలు లేవు. స్పెషలాఫీసర్లు వస్తారు, వెళతారు. సమితికి పని ఇస్తారు, మనిషిని ఇవ్వరు. పంచాయతీకి బాధ్యత ఉంటుంది, తాళంచెవి వేరేవాళ్ల దగ్గర ఉంటుంది. ఇవన్నీ నేను కాన్వెంటులో నేర్చుకున్న ఇంగ్లీషులో శుభ్రంగా రాసేదాన్ని. ఆయన చదివి, “బాగుందమ్మా, దొరలు మెచ్చుకుంటారు. ఇప్పుడు ఇదే ఆ గుమస్తాకి అర్థమయ్యేట్టు చెప్పు,” అని కాగితాలు తిరిగి ఇచ్చేవారు. తెలుగులో రాయడం మొదలుపెడితే ఇంగ్లీషులో పేజీ నిండిన విషయం నాలుగు ముక్కల్లో అయిపోయేది. కొన్నిసార్లు అసలు విషయమే లేదని తేలేది.

ఊళ్లకి వెళ్లినప్పుడు ఆయనకి ఒక నియమం ఉండేది. ఏ ఊరికి నీళ్ల సంగతి అడగడానికి వెళితే ఆ ఊరి నీళ్లు ముందు తాగాలి. మజ్జిగ ఇస్తామన్నా, సోడా తెప్పిస్తామన్నా వద్దనేవారు. “మీరు తాగేవే ఇవ్వండి,” అనేవారు. మాస్టారి భార్యకి, నేను పిన్నిగారూ అని పిలిచే ఆవిడకి, ఇది పడేది కాదు. పిన్నిగారు నాకు కాఫీ ఇస్తూ ఆయన వినేట్టు అనేవారు. “ఈయన జిల్లా అంతా తిరిగి నీళ్లు రుచి చూసి వస్తారమ్మా. ఇంట్లో కాఫీకి మాత్రం వంకలు. నువ్వన్నా కాస్త చెప్పు.” నేను చెప్పలేదు. కాని నేనెప్పుడూ తాగలేదు కూడా. నాకు భయం.

ఆయన్ని అందరినుంచీ వేరు చేసిన అలవాటు ఇంకొకటి ఉంది. నివేదిక తయారవగానే పైకి పంపేసేవారు కాదు. ఎవరి మాటలతో అది తయారైందో ఆ ఊళ్లకి తిరిగి వెళ్లి, వాళ్లందరినీ కూర్చోబెట్టి, తెలుగులో చదివి వినిపించాకే పంపేవారు. దానికి ఆయన పెట్టుకున్న పేరు అప్పగింత. పెళ్లయ్యాక పిల్లని అత్తవారి చేతిలో పెట్టేముందు అందరి ఎదుటా చేస్తామే, అలాంటిది. “మన పిల్లలో లోపం ఉంటే అది ఇక్కడే తెలియాలి. అక్కడికెళ్లాక వాళ్లు ఎత్తి చూపితే మనకే పరువు తక్కువ,” అనేవారు. ఊళ్లలో ఇది తెలిసినవాళ్లు, “మాస్టారికి ఆడపిల్లలు ఎక్కువండీ. ఏడాదికో పిల్లని సాగనంపుతారు,” అని నవ్వేవాళ్లు. ఆయనకి పిల్లలు లేరు. ఆ నవ్వులో ఆయనా కలిసేవారు.

మా చివరి పని ఒక మురుగు కాలువ మీద. చల్లపల్లి దాటాక పొలాల మధ్యనుంచి సముద్రం వైపు వెళ్లే కాలువ అది. పొలాల్లో ఎక్కువైన నీళ్లని తీసుకెళ్లి సముద్రంలో కలపాలి. పూడిక తీసి చాలా కాలమైంది. గుర్రపుడెక్క పట్టి, పైనుంచి చూస్తే పచ్చిక బీడులా ఉంటుంది. వాన గట్టిగా పడితే నీళ్లు ముందుకి పోకుండా వెనక్కి తంతాయి. ఎగువ ఊళ్లలో వరి మునుగుతుంది. దిగువ ఊళ్లలో మురుగు మంచినీళ్ల చెరువులోకి చేరుతుంది. కాలువ ఒకరిది, గట్టు ఒకరిది, గట్టు మీది రోడ్డు మరొకరిది, రోడ్డు కింద తూము ఇంకొకరిది. నీళ్లు మాత్రం అందరి ఇళ్లలోకీ వస్తాయి.

మాస్టారు ఆ నివేదిక చివరి అధ్యాయంలో కాలువని సమితికీ పంచాయతీలకీ అప్పగించాలని రాశారు. అది ఆయనకి ఒక్క కాలువ సంగతి కాదు. అధికారం ఊరికి రావాలని ఆయన ఉద్యోగమంతా క్లాసులో చెప్పారు. ఈ నివేదికలో ఆ మాట రాయగలిగినందుకు, టైపు చేసిన కాగితాలు నా చేతిలోంచి తీసుకున్నప్పుడు ఆయన ముఖం చాలా రోజుల తర్వాత తేలిగ్గా ఉంది.

ఎగువ ఊళ్లో ఆ అధ్యాయం చదివే రోజు, నన్ను చదవమన్నారు. ఊరివాళ్లు పంచాయతీ ఆఫీసు అరుగు నిండా ఉన్నారు. కాన్వెంటులో మాకు పైకి చదవడం నేర్పిన సిస్టరు ఒక చిట్కా చెప్పింది: మనుషుల్ని చూడకు, వెనక గోడని చూడు, నీ గొంతు ఆ గోడకి తగలాలి. నేను గోడని చూస్తూ మొదలుపెట్టాను. సగం పేజీ అయ్యేసరికి నా గొంతు గోడ దాకా కాదు కదా, నా చెవి దాకా కూడా రాలేదు. “పిల్లకి గొంతారిపోయింది, మజ్జిగ పట్రండే,” అన్నారెవరో. మాస్టారు నా చేతిలోని కాగితం తీసుకుని, నేను ఆగిన మాట పక్క మాటనుంచి అందుకున్నారు. రంపం ఆగినట్టే.

“స్థానిక సంస్థలకు తగిన అధికారం...” అని ఆయన చదువుతుంటే ప్రెసిడెంటు గారి తల్లి చేయెత్తింది.

“ఆగు బాబూ. సంస్థ అంటే ఎవరు?”

“పంచాయతీ అండీ. సమితి అండీ.”

“అదే, ఎవరూ అంట. మావాడా?”

“మీ అబ్బాయి కూడానండీ.”

“అయితే మావాడికి అని రాయి, అందరికీ తెలుస్తది,” అంది ఆవిడ. “వీడి మాట ఇంట్లో గేదె వినదు. వీడికి కాలవ ఇస్తారా?”

అరుగంతా గొల్లుమంది. ప్రెసిడెంటు గారు ముందు, “నువ్వు లోపలికి పోమ్మా,” అన్నారు. తర్వాత ఆయనే గొంతు సవరించుకున్నారు.

“మాస్టారూ, కోప్పడకండి. మా అమ్మ ఎటకారంగా అన్నా మాట నిజమే. మాకొద్దండీ ఆ కాలవ. పూడిక తీసే మిషను వాళ్లకాడే ఉంటది. ఇంజనీరు వాళ్ల మనిషి. నిధులు వాళ్లయ్యి. మాకేం ఇస్తారండీ? తిట్లిస్తారు. ఇప్పుడు చేను మునిగితే గవర్నమెంటుని తిడతన్నారు. రేపు నా గుమ్మంలోకొచ్చి తిడతారు.”

ఎవరూ నవ్వలేదు. మాస్టారు కాగితాలు మడిచి, “మీరన్నది రాస్తానండీ,” అన్నారు. 

తిరిగి వస్తుంటే ఉయ్యూరు దగ్గర చెరకు బళ్లు అడ్డం వచ్చి బస్సు ఆగిపోయింది. ఇంజను ఆపేశాక చెమట, దోమలు, ఎవరో బుట్టలో తెస్తున్న ఎండుచేపల వాసన. మాస్టారు కిటికీ చువ్వకి తల ఆనించి కూర్చున్నారు.

“అధికారం కిందికి రావాలని ఎన్ని క్లాసుల్లో చెప్పి ఉంటాను,” అన్నారు. “కిందివాడు వద్దంటాడని ఒక్కసారీ అనుకోలేదు.”

“ఒక్క ఊరే కదా మాస్టారూ అన్నది. మిగతావాళ్లు ఏమీ అనలేదు.”

“మిగతావాళ్లకి అలాంటి తల్లి లేదమ్మా.”

నవ్వుతారేమోనని చూశాను. కళ్లు మూసుకుని ఉన్నారు. కళ్లు తెరవకుండానే, “చాలా అలసిపోయాను. దీన్ని ఇలాగే పంపించేద్దామని ఉంది,” అన్నారు. బళ్లు కదిలాయి, బస్సు కదిలింది. బెంజి సర్కిలు వచ్చింది. దిగేటప్పుడు, తెగిన మాటని అందుకున్నట్టుగా, “అలసట మన సంగతి. నివేదికకి దాంతో పని లేదు,” అన్నారు.

ఆ అధ్యాయం ఆయన మొదట్నుంచీ తిరిగి రాశారు. నేను ఎన్నిసార్లు టైపు చేశానో గుర్తు లేదు. చివరికి నిలిచిన మాటలు ఇవి: పనిని కిందికి ఇచ్చేటప్పుడు దానితోపాటు మనిషినీ మిషనునీ నిధినీ ఇవ్వాలి; అవి ఇవ్వకుండా పని ఒక్కటే ఇస్తే అది అధికారం కాదు, బరువు. తన ఉద్యోగకాలపు మాటని అంత చిన్న వాక్యంతో దిద్దుకోవడానికి ఆయనకి ఒక వేసవి పట్టింది. అది ఓటమి అని నేననుకున్నాను. ఆయన అలా అనుకున్నట్టు లేదు. మార్చిన అధ్యాయాన్ని మళ్లీ అన్ని ఊళ్లలోనూ చదవాలని పట్టుబట్టారు. “పిల్ల ముఖం మారింది, మరి చూపించొద్దూ?” అన్నారు. పిన్నిగారు గొడుగు తెచ్చి ఆయన చేతిలో పెట్టి, “మీ పిల్లకి పెళ్లయ్యేలోపు నాకు వైధవ్యం వచ్చేట్టుంది,” అన్నారు. అది విసురు. అప్పుడది ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు ఆవిడ దాన్ని తలుచుకోని రోజు లేదు.

ఒక్కొక్క ఊరూ తిరిగాం. బస్సు తప్పిన రోజులు, ప్రెసిడెంటు ఇంటి పెళ్లికి అందరూ తరలిపోయి ఊరు ఖాళీగా ఉన్న రోజులు, వాన వల్ల ఎవరూ రాని రోజులు. మిగిలింది ఒక్క ఊరు. కాలువ సముద్రంలో కలిసే చోట ఉన్న జాలరుల ఊరు. మొదటి విడత చదువు అక్కడిదాకా రానేలేదు. దాని వంతు వచ్చేసరికి ఆయనకి జ్వరం వచ్చింది.

ఆ ఊరి సంగతి నివేదికలో ఒక పేరా ఉంది. కాలువ నోటి దగ్గర జాలరులు అడ్డంగా గుంజలు పాతి వలలు కడతారనీ, వానల నెలల్లో అవి నీటికి అడ్డం పడుతున్నాయనీ, ఆ నెలల్లో వాటిని తీసివేయాలనీ. నిజమే. మేం చూశాం, కొలిచాం. కాని ఆ మాటని ఆ ఊళ్లోనే నిలబడి చదవడం వేరు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆయనతో అన్నాను.

“ఆ ఊళ్లో ఆ ఒక్క పేరా వదిలేస్తే ఏం మాస్టారూ? పైకి పంపేదాంట్లో ఎలాగూ ఉంటుంది.”

ఆయన నా వైపు తిరగడానికి కొంచెం సేపు పట్టింది.

“నచ్చని మాటని మనిషి ముందే చదవాలి. వెనకాల రాసి పంపితే అది పరిశోధన కాదు, పితూరీ.”

“మీకు తగ్గాక వెళదాం.”

“తగ్గితే వెళదాం. లేకపోతే నువ్వు చదువు.”

“నాకు గొంతు రాదు మాస్టారూ.”

“ఆగితే ఆగిన చోటునుంచి మొదలుపెట్టు,” అన్నారు. “అంతకంటే నేను చేసేది ఏముందమ్మా?”

ఆయనతో నేను మాట్లాడిన చివరి మాటలు అవే. కృష్ణ ఒడ్డున దహనానికి ఎక్కువమంది రాలేదు. పాత విద్యార్థులు కొందరు, కలప అడితి వాళ్లు, రిక్షా అతను. వీధి దీపాల గుమస్తా కూడా వచ్చాడు. దూరంగా నిలబడి, నన్ను గుర్తుపట్టి తల ఊపాడు.

కర్మలన్నీ అయ్యాక పిన్నిగారు కాఫీ ఇస్తూ, “ఆ ఊరు మిగిలిపోయింది కదూ?” అన్నారు. ఔనన్నాను. “వెళ్లు. వెళ్లొచ్చి నీళ్లెలా ఉన్నాయో చెప్పు,” అన్నారు. ఎవరికి చెప్పాలో ఆవిడ అనలేదు.

నేను ఒక్కదాన్నే వెళ్లాను. చల్లపల్లిలో బస్సు మారి, తర్వాత గట్టు మీద నడిచాను. ఊళ్లో పంచాయతీ ఆఫీసుకి పైకప్పు లేదు, అందుకని వలలు ఆరేసే చోటే కూర్చుందామన్నారు. మాస్టారు పోయారని వాళ్లకి తెలుసు. తెల్ల గడ్డం ఉన్న పెద్దాయన ఒకరు తన తువ్వాలు దులిపి నాకు పీట మీద వేశారు. చేపల బుట్ట పక్కన పెట్టి ఒకావిడ చెంబుతో నీళ్లు తెచ్చింది. “సోడా తెప్పించమంటారా?” అని అడిగింది. వద్దని ఆ చెంబే తీసుకున్నాను. ఉప్పగా ఉన్నాయి, అడుగున మట్టి వాసన. గుటక వేశాను. మరో గుటక వేశాను.

చదవడానికి లేచాక వెనక గోడ కోసం చూశాను. గోడ లేదు. ఆరేసిన వలలు, వాటి వెనక కాలువ, ఆ వెనక సముద్రం. గాలికి కాగితం కొట్టుకుంటోంది. వినేవాళ్ల ముఖాలు చూసి చదవడం తప్ప నాకు వేరే దారి లేకపోయింది. కాలువ ఎవరిదో, గట్టు ఎవరిదో చదివాను. మనిషినీ మిషనునీ నిధినీ అన్న వాక్యం చదివాను. తలలు ఊపారు. తర్వాత వలల పేరా వచ్చింది. “కాలువ నోటి దగ్గర జాలరులు అడ్డంగా...” దగ్గర గొంతు ఆగిపోయింది.

చేతిలో కాగితం తీసుకునేవాళ్లు ఎవరూ లేరు. వాళ్లు ఎదురుచూశారు. నేనూ ఎదురుచూశాను. కొంతసేపటికి, ఆగిన మాట పక్క మాటనుంచి మొదలుపెట్టి చివరిదాకా చదివాను.

ముందు మాట్లాడింది చేపల బుట్ట ఆవిడ.

“ఏమ్మా, గుర్రపుడెక్క మా వలల్లో పుట్టిందా?”

“లేదండీ. అదీ రాశాం. వినండి.” ఆ పేరా వెతికి మళ్లీ చదివాను.

“పూడిక?”

“అదీ ఉందండీ.”

“అయితే మా వల ముందు రాశారేం? అదేగా కనపడేది!”

అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. పైఊరి వాళ్లు తూములో తట్టలకొద్దీ మన్ను పోసింది రాశారా అని ఒకరు, మాస్టారుంటే ఇట్లా రాయనిచ్చేవారా అని ఒకరు. “మాస్టారే రాశారండీ,” అన్నాను. నా గొంతు వాళ్లందరికీ వినపడింది. అందరూ ఆగారు. పెద్దాయన చెయ్యి ఊపి నెమ్మదిగా అన్నారు.

“రాసింది అబద్ధం కాదులే. మా ముందే చదివారు, అది చాలు. వానల్లో వల తీసెయ్యమన్నారు. తీసేస్తాం. ఆ నెలలు పొయ్యి మీద ఏం పెట్టాలో అది కూడా మాస్టారు రాసుంటే చదువమ్మా.”

లేదని నాకు తెలుసు. అయినా కాగితాలు తిరగేశాను.

“రాయలేదండీ.”

“అయితే రాయి.”

అక్కడే, పీట మీద కూర్చుని, అంచున పెన్సిలుతో రాశాను. వాళ్లు చెప్పారు, నేను రాశాను, రాసింది చదివాను, ఒక మాట మార్చమన్నారు, మార్చాను. మాస్టారు ఉంటే ఈ కొత్త ముక్క కోసం మళ్లీ అన్ని ఊళ్లూ తిరగాలనేవారు. నాకు అంత ఓపిక లేదు. ఆ మాట ఆయనతో అనగలిగితే బాగుండుననిపించింది.

లేచేటప్పుడు బుట్ట ఆవిడ రెండు చేపలు ఆకులో చుట్టి ఇవ్వబోయింది. మేం చేపలు తినం అని చెబితే, “అయ్యో, మాస్టారు కూడా ఇదే మాట అనేవారు,” అని నవ్వి వెనక్కి తీసేసుకుంది. తర్వాత గట్టు దాకా నాతో వస్తూ అడిగింది.

“ఇదంతా పైకి పంపుతారుగా అమ్మా?”

“పంపుతామండీ.”

“అక్కడ కూడా ఇట్టాగే అందరూ కూచుని వింటారా?”

గట్టు మీద గాలి ఎక్కువగా ఉంది. వినపడనట్టు ఉండిపోవచ్చు. “నాకు తెలీదండీ. ఈసారి వెళ్లి కనుక్కుంటాను,” అన్నాను. ఆవిడ బుట్ట నెత్తికెత్తుకుని ఊళ్లోకి తిరిగిపోయింది.

బస్సు చాలా దూరం కాలువ పక్కనే నడిచింది. గుర్రపుడెక్క పూసింది. నీరన్నది కనపడకుండా, కనుచూపు మేరా లేత ఊదారంగు పువ్వులు. టాపు దించిన రిక్షాలో కూర్చున్నట్టు కిటికీ తెరిచి పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చి, నీళ్లు ఉప్పగా ఉన్నాయని పిన్నిగారికి చెప్పాను. కొత్త ముక్క చేర్చి మళ్లీ టైపు చేసి, నిన్న నివేదికని రిజిస్టరు పోస్టులో పైకి పంపాను.

మాస్టారు ఇన్నేళ్లలో పైకి పంపిన నివేదికల్లో ఒక్కదానికి కూడా ఇంతవరకు జవాబు రాలేదు.